కాయిలోవర్లు వేసిన కారు ఒళ్లు హూనం చేస్తోందా? నాబ్ తిప్పే ముందు ఈ పనులు చేయండి

మే నెల, ఆదివారం. గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మ పెట్టిన కొత్తావకాయ జాడీని ఒళ్లో పెట్టుకుని అమ్మ వెనక సీట్లో కూర్చుంది. కాజ టోల్‌గేటు దాటేసరికి జాడీకి కట్టిన వాసెన గుడ్డ తడిసింది. తాడేపల్లి సర్వీసు రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేసరికి నూనె చీర మీదికొచ్చింది. "ఒరేయ్, కొన్నది కారా రోలా? దంచి పెడుతున్నావు కదరా" అంది.

నాకు ఉక్రోషం ఎందుకొచ్చిందంటే, ముందు రోజు రాత్రే నాలుగు షాకబ్జర్ల నాబ్‌లూ పూర్తిగా మెత్తటి వైపుకు తిప్పేశాను. ఇంక పరుపు మీద పోతున్నట్టు ఉంటుందనుకున్నాను. ఉండలేదు సరికదా, గుంతలో పడితే దబ్‌మనడం, లేస్తే రెండు మూడు సార్లు ఊగడం, రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

ఆ కారు నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న హ్యాచ్‌బ్యాక్. కాయిలోవర్లూ, 17 అంగుళాల వీల్సూ పాత ఓనరు వేయించినవి. కాయిలోవర్లంటే స్ప్రింగూ షాకబ్జరూ ఒకే సెట్‌గా వచ్చి, ఒంటి మీద మరలున్న గొట్టం, ఎత్తు మార్చుకునే రింగులు, పైన క్లిక్కుల నాబ్ ఉండే రకం. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. బెజవాడ, గుంటూరు రోడ్ల మీద ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిరగాలంటే మాత్రం కాస్త పని చేయించుకోవాలి. మీ కారూ ఇలాగే ఏడిపిస్తుంటే నేను చేసింది వరసగా చెప్తాను. నేను తప్పు చేసిన చోట్లు కూడా చెప్తాను, మీకు ఆ డబ్బులు మిగులుతాయి.

ముందే ఒక మాట. ఈ సస్పెన్షన్‌లో సుఖమనేది నాబ్‌లో ఉండదు. చక్రం పైకి లేవడానికి ఎంత చోటుంది, కిందికి జారడానికి ఎంత చోటుంది, అసలు సంగతి అందులో ఉంది. నాబ్ ఆఖర్న ముట్టుకోవాల్సింది. మనం మొదట ముట్టుకునేదీ అదే, వంగకుండా చేతికి అందుతుంది కాబట్టి.

కావాల్సిన సామాను

సీ ఆకారం పానా రెండు (సెట్‌తో వచ్చి ఉంటాయి, పాత ఓనరు దగ్గర మర్చిపోకుండా తీసుకోండి), కొలత టేపు, టార్చి, సొంత గాలి గేజ్, పాత టూత్‌బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, సన్న కేబుల్ టైలు నాలుగు, ఒక నోట్‌బుక్. జాకీతో పాటు రెండు స్టాండ్లు తప్పనిసరి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి తల పెట్టొద్దు. స్ప్రింగు విప్పాల్సిన పని వస్తే ఇంట్లో వద్దు, స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ ఉన్న షెడ్డుకే తీసుకెళ్లండి. నొక్కి ఉన్న స్ప్రింగు తప్పించుకుంటే మనిషిని కొడుతుంది.

మొదటి పని: చప్పుడు వినండి

పానా పట్టుకునే ముందు ఒకరోజు పాటలు ఆపేసి, అద్దాలు దించి, నెమ్మదిగా నడపండి. మెత్తగా "దబ్" అని వినపడి నడుముకు తగిలితే, స్ప్రింగు లోపలికి వెళ్లే చోటు అయిపోయి బంప్ స్టాపర్ మీద పడుతోందన్నమాట. బంప్ స్టాపర్ అంటే షాకబ్జర్ రాడ్డుకు తొడిగి ఉండే గట్టి స్పాంజి ముక్క. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, చక్రం వేలాడే క్షణంలో "టంగ్" అంటే దానికి ఎదురు జబ్బు: రాడ్డు పూర్తిగా సాగి ఆఖరికి తగులుతోంది. చిన్న చిన్న గతుకుల మీద "టకటక" అంటే లింక్ రాడ్లో (కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని షాకబ్జర్‌కు కలిపేవి), షాకబ్జర్‌ను పైన బాడీకి బిగించే మౌంటింగో. కొన్ని సెట్లలో పై మౌంటింగులో రబ్బరు ఉండదు, ఇనప గుండు బేరింగు ఉంటుంది. అది రేసు ట్రాకుకు మంచిదే, ఏలూరు రోడ్డు గతుకులకు అది వాయించే తబలా. రబ్బరు మౌంటింగు దొరికితే అదొక్కటి మార్చినా సగం గోల పోతుంది.

నా కారులో ముందు "దబ్", వెనక "టంగ్". రెండూ వేరే రోగాలని అప్పుడు తెలియదు.

రెండో పని: టైర్లు

ఇది సస్పెన్షన్ పనే కాదని కొట్టిపారేయకండి. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద కంపెనీ స్టిక్కర్ ఉంటుంది, గాలి ఎంతుండాలో రాసుంటుంది. పొద్దున్నే, కారు కదలకముందు మీ గేజ్‌తో చూడండి. టైరు లోపల వేడి ప్రతి 6 డిగ్రీలకూ సుమారు 1 పీఎస్‌ఐ పెంచుతుంది. రోహిణి కార్తెలో తెల్లారి 30 పెట్టిన టైరు మధ్యాహ్నం రోడ్డెక్కాక 34 చూపిస్తే కంగారుపడి గాలి తీసేయకండి, మర్నాడు పొద్దున్నకి అది తక్కువై కూర్చుంటుంది. నా కారుకు 38 కొట్టి ఉంది. బంకులో కుర్రాడు "హైవే కదా సార్" అని తన లెక్కలో కొట్టేవాడు, నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

ఇక టైరు సైజు. పక్క గోడ ఎత్తు లెక్క కట్టడం తేలిక: వెడల్పును శాతంతో గుణించండి. 205/45 ఆర్17 అయితే 205లో 45 శాతం, అంటే 92 మి.మీ. గోడ. 185/65 ఆర్15 అయితే 120 మి.మీ. మొత్తం చక్రం ఎత్తు చూస్తే మొదటిది 616, రెండోది 621, తేడా ఒక శాతం లోపే. అంటే మీటరు తప్పు చూపించదు, కానీ గుంత అంచుకూ మీ నడుముకూ మధ్య 28 మి.మీ. రబ్బరూ గాలీ అదనంగా వస్తాయి. గుంత అంచు కోసినట్టు తగిలే దెబ్బని మొదట మింగేది టైరే. ఏ నాబూ ఆ పని చేయలేదు. 17 అంగుళాలవి అమ్మేసి 15 అంగుళాలవి వేసుకున్నాక ఇంట్లో మా తమ్ముడు వారం రోజులు నాతో మాట్లాడలేదు, అంత అందవికారంగా ఉందట. కొనేముందు ఒక వీల్ తొడిగి చూసుకోండి: బ్రేకు కాలిపర్‌కీ, కాయిలోవర్ కింది రింగుకీ తగలకుండా తిరగాలి.

మూడో పని: చోటు కొలవండి

మొత్తం పనిలో గుండెకాయ ఇదే, తొందరపడొద్దు.

ముందు మీ సెట్ ఏ రకమో చూడండి. కొన్నిటికి ఎత్తు మార్చే చోటు ఒక్కటే, స్ప్రింగు కూర్చున్న రింగు. ఇంకొన్నిటికి రెండు చోట్లు: స్ప్రింగు రింగు ఒకటి, అడుగున చక్రం వైపు బిగించే బ్రాకెట్ ఇంకొకటి. బ్రాకెట్ కూడా మరల మీద పైకీ కిందికీ నడుస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే నేను ఒక శనివారం పోగొట్టుకున్నాను.

ఒక్కటే రింగున్న రకంలో రింగు పైకి తిప్పితే కారు లేస్తుంది, రాడ్డు బయటికి సాగుతుంది. కాబట్టి గుంతలో లోపలికి వెళ్లే చోటు పెరుగుతుంది, కిందికి జారే చోటు తగ్గుతుంది. రెండు చోట్లున్న రకంలో బ్రాకెట్ తిప్పితే కారు లేస్తుంది గానీ రాడ్డు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఫెండర్‌కూ టైరుకూ మధ్య ఖాళీ పెరుగుతుంది, అంతే. షాకబ్జర్ లోపలి చోటు ఒక్క మిల్లీమీటరు కూడా మారదు. మళ్లీ చెప్తున్నా, ఒక్క మిల్లీమీటరు కూడా.

కొలిచే పద్ధతి ఇది. సమతలంగా ఉన్న నేల మీద కారు ఆపండి. దుమ్ము రాకుండా తొడిగిన రబ్బరు తొడుగు పైకి జరిపితే నిగనిగలాడే రాడ్డు కనపడుతుంది. దానికి కేబుల్ టై వదులుగా కాకుండా, చేత్తో తోస్తే జరిగేలా కట్టి, షాకబ్జర్ గొట్టం మూతికి ఆనేదాకా దించండి. ఇప్పుడు టై నుంచి పైన స్పాంజి స్టాపర్ అంచు దాకా టేపుతో కొలవండి. అదే మీకు లోపలికి మిగిలిన చోటు. తర్వాత జాకీ వేసి చక్రం నేల వదిలేదాకా లేపండి. రాడ్డు సాగుతుంది, టై పైన ఉండిపోతుంది. టైకీ గొట్టం మూతికీ మధ్య దూరమే మీకు కిందికి ఉన్న చోటు. కారు దించి మళ్లీ టైని మూతికి ఆనించి, మీ మామూలు రూట్లో ఒక చుట్టు తిరిగి రండి. టై ఎంత పైకి నెట్టబడిందో చూస్తే ఎంత చోటు వాడారో తెలుస్తుంది. టై వెళ్లి స్పాంజిలో గుచ్చుకుని ఉంటే మీ "దబ్" అదే. రాడ్డు తలకిందులుగా గొట్టం లోపల ఉండే రకాలకు ఈ చిట్కా పనికిరాదు.

నాకు ముందు వైపు లోపలికి మిగిలింది 20 మి.మీ., కిందికి 50. రెండు వేళ్ల వెడల్పు కూడా లేని చోటులో బెంజ్ సర్కిల్ నుంచి గొల్లపూడి దాకా తిరుగుతున్నానన్నమాట.

అందుకని ఏం చేశాను? నాది రెండు చోట్లున్న రకం. బ్రాకెట్ దగ్గర 25 మి.మీ. లేపి, చెమట తుడుచుకుని, గెలిచేశాననుకున్నాను. కారు పొడుగైంది. "దబ్" అలాగే ఉంది. జవహర్ ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే ఆయన టార్చి వేసి చూసి నవ్వాడు. "బాబూ, నువ్వు పీట మీద పీట వేసి మనిషిని నిలబెట్టావు. మోకాలు వంగే చోటు పెరిగిందా?" అన్నాడు. పెరగలేదు.

సరిచేసింది ఇలా. స్ప్రింగు రింగును 10 మి.మీ. పైకి బిగించి, అంటే స్ప్రింగుకు ముందస్తు నొక్కుడు 10 మి.మీ. ఇచ్చి, దానివల్ల లేచిన ఎత్తును బ్రాకెట్ దగ్గర 10 తగ్గించాం. లోపలికి చోటు 30 అయింది, కిందికి 40. స్ప్రింగు ఎక్కువ నొక్కితే గట్టిపడిపోతుందని చాలామంది భయపడతారు. కారు బరువుకు ఆ స్ప్రింగు ఎలాగూ అంతకంటే ఎక్కువే దిగుతుంది కాబట్టి గట్టిదనం మారదు, కారు నిలబడే చోటు మాత్రమే మారుతుంది. అలాగని మరీ బిగించుకుంటూ పోతే కిందికి జారే చోటు పోయి "టంగ్" మొదలవుతుంది. మూడింట రెండు వంతులు లోపలికీ, ఒక వంతు కిందికీ ఉంటే మంచిదని మేస్త్రి లెక్క. స్పాంజిలో నొక్కుకునే మేరను కూడా లోపలి వాటాలోనే వేసుకోవాలి.

రింగులు తిప్పేముందు మరల మీద మట్టి పూర్తిగా పోవాలి. ఒక వానాకాలం గడిచిన కాయిలోవర్ మరల్లో బురద ఇటుకలా గట్టిపడి ఉంటుంది. టూత్‌బ్రష్‌తో గీకి, స్ప్రే కొట్టి, అరగంట ఆగి, అప్పుడు పానా వేయండి. ఇనప బ్రష్ వేస్తే పూత పోతుంది. బిగిసిపోయిన రింగును గూటం పెట్టి కొడితే అల్యూమినియం పన్ను విరుగుతుంది. నాది ఒకటి విరిగింది, నేనే కొట్టాను. ఒక పూర్తి చుట్టుకు రింగు ఎంత జరుగుతుందో మొదటిసారి టేపు పెట్టి చూసుకోండి, తర్వాత చుట్లు లెక్కపెట్టుకుంటే చాలు. కుడీ ఎడమా ఒకే లెక్క.

కారు ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కాదు, వీల్ నడిమధ్య నుంచి ఫెండర్ అంచుకు నిలువుగా కొలవండి. టైర్లో గాలి తేడా అందులోకి రాదు. జాకీ దించిన వెంటనే కొలవొద్దు. నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ తోస్తేగానీ కారు సర్దుకోదు.

వెనక సంగతి

మన హ్యాచ్‌బ్యాకుల్లో చాలావాటికి వెనక స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. ఒక అడ్డ దూలం మీద పక్కపక్కన ఉంటాయి. స్ప్రింగు కింద రింగు తిప్పి కారు లేపితే, షాకబ్జర్ పొడవు కూడా అంతే పెంచాలి. నా కారుకు ఎవరో స్ప్రింగు లేపి షాకబ్జర్ పొడవు అలాగే వదిలేశారు. అందుకే చక్రం కాస్త వేలాడితే చాలు రాడ్డు ఆఖరికి తగిలి "టంగ్". అడుగున బ్రాకెట్ విప్పి 15 మి.మీ. పొడవు పెంచితే ఆ చప్పుడు ఆ రోజుతో సరి. ఖర్చు రెండు టీలు.

నాలుగో పని: బుష్ బోల్టులు వదిలి మళ్లీ బిగించండి

దీన్ని ఎవరూ చెప్పరు, షెడ్డుల్లో చాలామంది చేయరు. చక్రాన్ని అడుగున కారు బాడీకి కలిపే చెయ్యి లోయర్ ఆర్మ్. దాని బుష్ అంటే లోపలి ఇనప గొట్టానికీ బయటి గొట్టానికీ అంటుకుని ఉన్న రబ్బరు. అది తిరగదు, మెలిపడుతుంది. కారును జాకీ మీద పెట్టి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, కారు దించగానే ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది. తడిబట్ట పిండి పట్టుకున్నట్టు. దాంతో అదే ఒక అదనపు స్ప్రింగై ప్రతి గతుకునూ అడ్డుకుంటుంది, ఏడాది తిరక్కముందే చిరుగుతుంది. ఎత్తు మార్చిన ప్రతిసారీ ఈ మెలి కొత్తగా పడుతుంది.

కాబట్టి ఎత్తు ఖాయమయ్యాక కారును గుంత ఉన్న షెడ్డులోనో నాలుగు చక్రాలూ ఆనే ర్యాంప్ మీదో నిలబెట్టి, ముందు ఆర్మ్ బోల్టులు, వెనక దూలం బోల్టులు అర చుట్టు వదలండి. కారును మూలమూలకీ నాలుగు సార్లు నొక్కి ఊపండి. ఒక్కోసారి "కిర్ర్" మని రబ్బరు తన చోటుకు వచ్చే చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు కంపెనీ చెప్పిన బిగింపు బలానికి (టార్క్‌కు) బిగించండి. మా మేస్త్రి ఎడమ బోల్టు వదిలినప్పుడు ఆర్మ్ వేలెడంత కదలడం నేను కళ్లారా చూశాను. లింక్ రాడ్లు కూడా అప్పుడే చూడండి. కారు బాగా కిందికుంటే కంపెనీ ఇచ్చిన పొడవు లింకు వంకరగా లాగుతుంది.

అయిదో పని: ఇప్పుడు నాబ్

ఎక్కువ సెట్లలో ఒక్క నాబే ఉంటుంది. అది ముఖ్యంగా స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని అదుపు చేస్తుంది, లోపలికి వెళ్లే వేగాన్ని కొంతమేర. అదీ రాడ్డు నెమ్మదిగా కదిలేటప్పుడే. గుంత అంచు తగిలినప్పుడు రాడ్డు విసురుగా కదులుతుంది. అప్పుడు పని చేసేవి లోపలి రేకు వాల్వులు, వాటికి నాబ్ చెయ్యి అందదు. నాబ్ మెత్తగా పెడితే గుంత మెత్తబడకపోవడానికి కారణం ఇదే. పైగా గట్టి స్ప్రింగు, మెత్తటి నాబ్ కలిస్తే స్ప్రింగును పట్టుకునేవాడుండడు, కారు ఊగుతుంది, ఊగి ఊగి స్టాపర్ మీద పడుతుంది. మా అమ్మ జాడీ కథ అదే. ఎదుటి చివరకి పోయి మరీ గట్టిగా పెట్టినా తంటానే. టోల్‌గేటుకు ముందు వేసే అడ్డపట్టీల్లాంటి వరస గతుకుల మీద ఒకసారి నొక్కుకున్న స్ప్రింగు సాగేలోపే ఇంకోటి తగులుతుంది. కారు పట్టీ పట్టీకీ కిందికి కుంగుతూ చివరికి మళ్లీ స్టాపర్ మీదే కూర్చుంటుంది.

పద్ధతి: నాబ్‌ను కుడివైపు ఆగేదాకా తిప్పండి, బలవంతం వద్దు. అదే సున్నా, అన్నిటికన్నా గట్టి చోటు. అక్కణ్నుంచి ఎడమవైపు క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ మధ్యకు తెండి, 32 క్లిక్కులైతే 16. నాలుగూ అక్కడ పెట్టి నోట్‌బుక్‌లో రాయండి. ఇక ఒకే రోడ్డు, ఒకే వేగం, ఒకే బరువు. నా రోడ్డు ఇది: కనకదుర్గమ్మ వారధి మీద జాయింట్లు 60లో, తాడేపల్లి సర్వీసు రోడ్డు 30లో, అక్కణ్నుంచి ఉండవల్లి కరకట్ట మీద 40లో. జాయింట్లు టకటకకు, సర్వీసు రోడ్డు స్పీడ్ బ్రేకర్లకు, కరకట్ట అలలకు. మా వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కదా, దాని మీద వేసిన రోడ్లు రెండేళ్లకే సముద్రంలా తేలతాయి. గుంటూరు నుంచి పల్లెలవైపు ఏ రోడ్డెక్కినా ఈ అలలు దొరుకుతాయి. నాబ్ సరిచేయడానికి గుంతల కన్నా ఈ అలలే మంచి పంతులు.

మొదట ముందు రెండూ నాలుగు క్లిక్కులు మెత్తబరిచి తిరగండి. అల దిగాక కారు ఒక్కసారి కుంగి లేచి ఆగాలి. రెండోసారి ఊగితే మరీ మెత్తగా పెట్టారన్నమాట, రెండు క్లిక్కులు వెనక్కి రండి. ఆగితే ఇంకో రెండు మెత్తబరచండి. ముందు తేలాకే వెనక ముట్టుకోండి. ముందూ వెనకా ఒకేసారి మారిస్తే ఏది చేసిన పుణ్యమో తెలియదు. వెనక సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టండి, డ్రైవర్ సీట్లోంచి వెనక సుఖం తెలియదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 25 కిలోమీటర్ల వేగంతో దాటొచ్చు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి పోసే సిమెంటు దిమ్మలకు ఆ లెక్క తెలియదు. వాటికోసం నాబ్ తిప్పుకోకండి, బ్రేకు తొక్కండి.

ఆరో పని: ఇంకా చాలకపోతే స్ప్రింగు

అన్నీ చేశాక కూడా ఒళ్లు నొప్పులు తగ్గకపోతే స్ప్రింగే గట్టిది. దాని మీద రాసి ఉంటుంది, 6 అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి 6 కిలోలు. అది మీ కారుకు ఎక్కువో తక్కువో తేల్చాలంటే బరువు తెలియాలి. నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర లారీలు తూచే కాటాకు వెళ్లాను. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూయించాను, తర్వాత మొత్తం కారు. టిక్కీల (మిర్చి బస్తాల) లారీల మధ్య ఖాళీ కారు తెచ్చి సగం తూచమంటే కాటా కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. ముందు వైపు 660 కిలోలు వచ్చింది. చక్రానికి 330. అందులో చక్రం, బ్రేకు, ఆర్మ్ బరువు స్ప్రింగు మీద పడదు, ఆ 30 తీసేస్తే 300.

300 కిలోలను 6తో భాగిస్తే 50: స్ప్రింగు 50 మి.మీ. దిగి నిలబడుతుంది. మామూలు కంపెనీ స్ప్రింగు 2.5 అనుకుంటే 120 దిగుతుంది. ఊగే వేగం లెక్క కట్టినా ఇదే తెలుస్తుంది: 2.5 స్ప్రింగు మీద ఆ 300 కిలోలు సెకనుకు 1.4 సార్లు ఊగుతాయి, 6 మీద 2.2 సార్లు. ఇంటి కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 2 దాటితే ఒళ్లు గుర్తుపడుతుంది.

అయితే నేరుగా 2.5కి పోలేం. కాయిలోవర్ షాకబ్జర్‌కు అంత చోటు లేదు. నేను 4 మీద ఆశపడ్డాను. 75 మి.మీ. దిగుతుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి గతుక్కి ఇంకా లోపలికి పోతుంది, నా దగ్గర ఉన్నది 30. మేస్త్రి వద్దన్నాడు. 5 దగ్గర ఆగాం: 60 దిగుతుంది, 20 ముందస్తు నొక్కుడిస్తే కిందికి అదే 40, లోపలికి అదే 30. కొనేటప్పుడు లోపలి వ్యాసం మీ పాత స్ప్రింగుదే ఉండాలి, వెర్నియర్‌తో కొలుచుకోండి. పొడవు 10 మి.మీ. ఎక్కువున్నది దొరికితే రింగు పాత చోటే ఉంచొచ్చు. ఒక కిలో తగ్గిస్తే షాకబ్జర్ సర్దుకుంటుంది. సగానికి సగం తగ్గిస్తే లోపలి వాల్వులు కూడా మార్పించాలి.

స్టాపర్ కోసేస్తే చోటు వస్తుందని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. పూర్తిగా తీసేస్తే ఇనుము ఇనుముకు తగిలి షాకబ్జర్ పోతుంది. నేను ముట్టుకోలేదు.

మిగిలినవి

ఎత్తు మారితే టో (చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగిన మేర), క్యాంబర్ (చక్రం నిలువుగా కాకుండా ఒరిగిన మేర) మారతాయి. అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు లోపలి అంచు నెలల్లో నున్నబడుతుంది, బయటికి కనపడదు కూడా. హెడ్‌లైట్ ఎత్తు గోడ మీద పడేసి చూసుకోండి. 500 కిలోమీటర్ల తర్వాత, స్ప్రింగు రింగు కదలకుండా పట్టుకునే లాక్ రింగులు మళ్లీ ఒకసారి బిగించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన తీరుకు విరుద్ధంగా బండి మార్చడాన్ని ఒప్పుకోదు. బీమా వాళ్లకు చెప్పకుండా ఉంటే క్లెయిమ్ రోజున ఇబ్బంది. అందుకే పాత ఓనరును అడిగి కంపెనీ స్ప్రింగులూ షాకబ్జర్లూ తెచ్చి అటక మీద పెట్టాను.

నా నోట్‌బుక్‌లో ఇప్పటి పేజీ ఇలా ఉంది. టైర్లు 185/65 ఆర్15, పొద్దున 31. ముందు స్ప్రింగు 5, నొక్కుడు 20, లోపలికి 30, కిందికి 40. నాబ్ ముందు 18, వెనక 20. అమ్మ, పెద్దమ్మ, జాడీ ఉంటే వెనక 17.